ఎస్ఓపీ మొదటి పేరా: చిన్ననాటి కథ మేలా, చేసిన పని మేలా?

విదేశీ యూనివర్సిటీల దరఖాస్తులకి డిసెంబరు 1, 15 గడువులు దగ్గరపడేకొద్దీ, వాటితో పంపే ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెప్పే వ్యాసం) గురించి నన్ను అందరూ అడిగేది ఒకటే: "ఎస్ఓపీ మొదటి పేరాలో నా కథ చెప్పనా, నా ప్రాజెక్టు చెప్పనా?" ఇన్నాళ్లూ ఎవరికి వారికి విడిగా జవాబు చెబుతూ వచ్చాను. ఈ మధ్య సివిల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీకి అప్లై చేస్తున్న ఒకమ్మాయి రెండు రకాలుగానూ రాసి పంపింది. ఒకే మనిషి, ఒకే అనుభవం, మొదలు మాత్రం వేరు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. ఆమెను అడిగే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి డ్రాఫ్టు వాళ్ల తాతగారితో మొదలవుతుంది. ఆయన తాపీమేస్త్రి. సెలవుల్లో ఆయన వెంట వెళ్లడం, ఇసుక గుట్టల మీద ఆటలు, కట్టిన గోడకి పొద్దునా సాయంత్రం ఆయన తన చేత నీళ్లు కొట్టించడం. చక్కగా రాసింది, చదువుతుంటే ఆ పిల్ల మీద ఇష్టం కలుగుతుంది. "కట్టడాల మీద నా ఆసక్తి అక్కడే మొదలైంది" అంటూ పేరా ముగిసేసరికి 1,000 పదాల్లో 230 అయిపోయాయి.

రెండోది ల్యాబులో మొదలవుతుంది. సిమెంటు 30 శాతం తగ్గించి, ఆ మేరకు ఫ్లై యాష్ (బొగ్గు కాల్చాక మిగిలే సన్నని బూడిద) కలిపి, బలం పరీక్షించడానికి కాంక్రీటు క్యూబులు పోసింది. 7వ రోజున పరీక్షిస్తే మామూలు కాంక్రీటు కంటే బలం బాగా తక్కువ. 28వ రోజునా తక్కువే. ప్రాజెక్టు గడువు అక్కడికి అయిపోయింది. "బలం తగ్గింది" అని రాసి రిపోర్టు ఇచ్చేస్తే అడిగేవాళ్లు లేరు. కానీ ఫ్లై యాష్ పని చేసేదే నిదానంగా. సిమెంటు నీళ్లు తాగి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు విడుదలవుతుంది, దానితో ఫ్లై యాష్ మెల్లగా చర్య జరుపుతుంది. అది జరిగినన్నాళ్లూ తేమ ఉండాలి. అందుకని మిగిలిన ఆరు క్యూబులనూ నీళ్ల తొట్టిలోనే ఉంచనివ్వమని గైడును అడిగి, 90వ రోజున పరీక్షించింది. మామూలు కాంక్రీటుతో సమానంగా వచ్చింది. పేరా ఒక ప్రశ్నతో ఆగుతుంది: సైటులో వారానికే నీళ్లు కొట్టడం మానేస్తే, ఆలస్యంగా వచ్చే ఈ బలంలో ఎంత దక్కుతుంది?

మొదటి డ్రాఫ్టులో కనిపించేది ఎనిమిదేళ్ల పిల్ల. అప్లై చేస్తున్నది ఇరవై రెండేళ్ల మనిషి. పీహెచ్‌డీ దరఖాస్తులు చదివేది ఎక్కువగా ఆ విభాగపు ప్రొఫెసర్లే. ఈ మనిషి తమ దగ్గర అయిదేళ్లు పరిశోధన చేయగలదా అన్నది వాళ్లకి తేలాలి. ఆ జవాబు ఇసుక గుట్టలో దొరకదు, నీళ్ల తొట్టిలో దొరుకుతుంది. పైగా ఆ ప్రశ్నతో పేరా ఆగింది కాబట్టి, తర్వాతి పేరాలో ఆ విభాగంలో ఎవరి దగ్గర ఎందుకు పనిచేయాలనుకుంటోందో చెప్పడానికి దారి దానంతటదే పడింది. తాతగారి దగ్గర్నుంచి అక్కడికి రావాలంటే మధ్యలో ఇంకో రెండు పేరాలు కావలసి వచ్చాయి.

నా దృష్టిలో అసలు తేల్చేది మాత్రం వేరే ఉంది. ఎస్ఓపీని ఒంటరిగా చదవరు. అదే ఫైల్లో రికమెండేషన్ లెటర్లు ఉంటాయి. తాతగారి సంగతి ఏ లెటర్లోనూ ఉండదు. ఆరు క్యూబుల సంగతి గైడు చెప్పగలరు, తాను చూసినట్టుగా, తన మాటల్లో. మీరు చెప్పిన సంఘటనే ఇంకొకరి కలం నుంచి కూడా వస్తే ఆ నమ్మకం వేరు. అచ్చయిన పేపరు లేనివాళ్లకి ఇది మరీ అవసరం, వాళ్ల పనికి వేరే రుజువు ఉండదు కదా. అందుకే ఎవరి డ్రాఫ్టు చూసినా నేను ముందు అడిగేది, "ఇది జరిగినప్పుడు చూసినవాళ్లెవరు? వాళ్లు మీకు లెటరు రాస్తున్నారా?" అని. రాస్తుంటే గడువుకి కనీసం నెల ముందే మీ డ్రాఫ్టు వాళ్లకి పంపండి. ఏం రాయాలో చెప్పినట్టు ఉంటుందేమోనని మొహమాటపడకండి. ఏడాది కిందటి సంగతులు గుర్తుచేస్తే వాళ్లకి సాయమే.

పనితో మొదలుపెట్టడంలోనూ ఒక చిక్కుంది, అది రెజ్యూమెగా మారిపోతుంది. వాడిన సాఫ్ట్‌వేర్ల పేర్లు, మార్కులు, ప్రాజెక్టు టైటిళ్లు వరసపెట్టి రాస్తే కథే నయం. ఒక్క పని తీసుకోండి, అందులో మీరు సొంతంగా నిర్ణయం తీసుకున్న చోటు చెప్పండి, ఎందుకలా చేశారో రాయండి.

కథే మేలైన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌తో పాటు, మీ జీవిత నేపథ్యం చెప్పే పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ కూడా విడిగా అడుగుతుంది. తాతగారు నిండుగా ఉండాల్సింది ఆ రెండోదాంట్లో. అమెరికా మెడికల్ స్కూళ్లకి ఏఎంసీఏఎస్ అనే ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ ద్వారా పంపే 5,300 అక్షరాల వ్యాసం సంగతీ అంతే, వైద్యం వైపు ఎందుకు వచ్చారో చెప్పడానికి జీవితమే ఆధారం. సోషల్ వర్క్, పబ్లిక్ హెల్త్ లాంటి వాటిల్లో చూసిన కష్టం నుంచే పని పుట్టి ఉంటే అక్కడా కథతో మొదలుపెట్టవచ్చు. బ్రిటన్ మాస్టర్స్ కోర్సుల్లో మాత్రం "పర్సనల్ స్టేట్‌మెంట్" అనే పేరు చూసి పొరబడకండి. చాలా చోట్ల వాళ్లు అడిగేది ఈ కోర్సే ఎందుకు, దానికి మీ సన్నద్ధత ఏమిటి అనే. పేరు కంటే కింద ఇచ్చిన ప్రశ్న చదవడం ముఖ్యం.

ఇక మిగతావి. మహనీయుల సూక్తితో మొదలుపెట్టడం వద్దు, ఆ చోటు మీది. కన్సల్టెన్సీ టెంప్లేట్ వద్దు, అవే వాక్యాలు ఇంకొకరి ఫైల్లోనూ ఉంటాయి. ఏఐ చేత వ్యాకరణం సరిచూపించుకోవడం ఆ యూనివర్సిటీ నియమాలు ఒప్పుకుంటే సరే, మొదటి పేరా మాత్రం మీరే రాయండి.

ఆ అమ్మాయి రెండోదే పంపింది. తాతగారిని పూర్తిగా తీసేయడానికి మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు. వెతికితే ఆయనకి సరైన చోటు ఆ ప్రశ్న పక్కనే దొరికింది: "మా తాతగారు గోడకి పద్నాలుగు రోజులు నీళ్లు కొట్టించేవారు, ఇల్లు కట్టించుకునేవాళ్లు వారం చాలనేవారు." ఇప్పుడు ఎస్ఓపీ మొత్తం 940 పదాలు, తాతగారికి అందులో ఒక్క వాక్యం.