మొదటి స్కార్ఫుకు సింగిల్ క్రోషెనా, డబుల్ క్రోషెనా?

క్రోషె సూది చేతపట్టిన కొత్తలో స్కార్ఫు అల్లాలనుకుంటే ముందు తేల్చుకోవలసింది ఏ కుట్టు వేయాలన్నదే. నా ఓటు డబుల్ క్రోషెకే.

సింగిల్ క్రోషె నేర్చుకోవడం తేలిక. కుట్టులోకి సూది దూర్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులు నిలుస్తాయి. మళ్లీ దారం చుట్టి రెండింటిలోంచీ లాగేస్తే సరి. అయితే అల్లిక ఒత్తుగా, బిరుసుగా వస్తుంది. సంచికి ఆ బిగువు కావాలి; మెడచుట్టూ మెత్తగా ఒదగాల్సిన స్కార్ఫుకు కాదు. స్కార్ఫుకు సింగిలే కావాలనుకుంటే లావు సూది తీసుకోండి. దారం చీటీ మీద 5 మిల్లీమీటర్లని ఉంటే 6 లేదా 6.5.

డబుల్ క్రోషెలో ముందే ఒకసారి దారం చుట్టుకుని, చివర్లో ఉచ్చులను రెండు విడతలుగా లాగాలి. కుట్టు దాదాపు రెట్టింపు ఎత్తు వస్తుంది కాబట్టి 150 సెంటీమీటర్ల స్కార్ఫు విసుగు పుట్టకముందే పూర్తవుతుంది. పైగా ఎంత హాయిగా వేలాడుతుందో!

చిక్కంతా అంచు దగ్గరే. వరుస తిప్పేటప్పుడు వేసే 3 గొలుసులను (సూది మీది ఉచ్చులోంచి దారం లాగి వేసే ముడులను) సాధారణంగా ఒక కుట్టుగా లెక్కిస్తారు. తిరిగి వచ్చేటప్పుడు వాటి కొసన కుట్టు వేయడం మరచిపోతే వరుసకో కుట్టు తగ్గి, స్కార్ఫు త్రికోణంలా సన్నబడుతుంది. నేను ఆ మూడో గొలుసుకు వేరే రంగు దారం ముక్క కట్టి ఉంచుతాను. సింగిల్‌లో ఒక్క గొలుసుతో పని జరిగిపోతుంది. ఈ విషయంలో దానిదే పైచేయి.

ఇవి అమెరికన్ పేర్లు. బ్రిటిష్ నమూనాల్లో డబుల్ క్రోషె అంటే ఇక్కడి సింగిలే.