మూడడుగుల సందు, ఐదడుగుల రూలు: ఒక ప్లాను ఆఫీసు గురించి

పని అయింది. పర్మిషన్ కాగితం చేతికొచ్చింది. అయినా ఐదుకి మూడు స్టార్లే ఇస్తున్నాను. ఆ మూడిట్లో రెండు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయివి. ఆఫీసు పేరు రాయను. విజయనగరంలో ఇంటి ప్లాన్లు గీసి, ఆన్‌లైన్‌లో పెట్టి, అనుమతి తెచ్చిపెట్టే ఎల్టీపీ (లైసెన్సున్న టెక్నికల్ మనిషి) ఆఫీసులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటనుకోండి.

ముందు మా సంగతి. నేను జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్లు కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఎవరు ఏ కొలత చెప్పినా కళ్లతో చూస్తే గానీ నమ్మను. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. 1994లో గాజులరేగ వైపు ఐదు సెంట్లు కొన్నాను. ముప్ఫై ఆరడుగుల వెడల్పు, అరవై అడుగుల చిల్లర పొడవు. అప్పట్లో చీకటి పడితే అటువైపు రిక్షా వచ్చేది కాదు. ఒక స్లాబు ఇల్లు, ముందు రెండు కొబ్బరిచెట్లు, వెనక నుయ్యి, పక్కన పనస. వీధంతా అంతే, స్థలానికో ఇల్లు, ఇంటికో కుటుంబం.

ఇప్పుడు మా వీధి చివర రెండిళ్లు పడగొట్టి పదిహేను ఫ్లాట్లు లేపారు. దాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. జనం పెరిగారు, భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి స్థలాల రేట్లు పెరిగాయి, అందరూ ఊరవతలికి పోయి ఐదేసి సెంట్లలో ఒక్కో ఇల్లు కట్టుకుంటామంటే పొలాలు మిగలవు. నా బాధల్లా ఒక్కటే. పదిహేను కాపురాల నీళ్లు కూడా అప్పటి అడుగున్నర కాలవలోకే వస్తున్నాయి.

మాకూ అవసరం పడింది. విశాఖలో ఉద్యోగం చేసే మావాడు ఇంటి అద్దె కట్టలేక రోజూ ఇక్కణ్నుంచే తిరుగుతానన్నాడు. మా తమ్ముడి కూతురు, భర్త పోయాక, చిన్నపిల్లతో మా దగ్గరే ఉంటోంది. ఆ పిల్లకీ తనదంటూ ఒక వంటగది, ఒక తలుపు ఉండాలని మా ఆవిడ పట్టు. అంటే ఒక్క కప్పు కింద మూడు కాపురాలు. పైన రెండంతస్తులు వేస్తే సరి అనుకున్నాం.

ఆఫీసుకి వెళ్లాను. ఇంజినీరు గారు మంచి మాటకారి. టీ తెప్పించారు. దస్తావేజు జిరాక్సు, పాత ప్లాను, పన్ను రసీదు తీసుకున్నారు. పదిహేను వేలన్నారు, పది రోజులన్నారు. కొలతలకి మనిషిని ఎప్పుడు పంపిస్తారని అడిగితే, "దస్తావేజులో ఉన్నాయి కదండీ" అన్నారు. అక్కడే నాకు తేడా కొట్టింది. కాటా మీద పెట్టకుండానే బస్తా బరువు రాసే గుమస్తాని మా మిల్లులో ఒక్క పూట కూడా ఉంచేవారు కాదు.

పది రోజులకి కాగితం రాలేదు, షార్ట్‌ఫాల్ వచ్చింది. అంటే ఫైల్లో ఏదో తక్కువైంది, సరిచేసి మళ్లీ పెట్టమని. మొదటిసారి నుయ్యి చూపించలేదని. రెండోసారి పాత గోడకీ ప్రహరీకీ మధ్య దూరం సరిపోలేదని. రెండుసార్లూ నాకు ఫోన్ చేసి చెప్పినవాళ్లు లేరు. నేనే వెళ్లి అడిగితే చెప్పారు.

అసలు ముడి ఆ రెండోదానిలో ఉంది. ఇల్లు కట్టాలనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. మా స్థలం 202 చదరపు మీటర్లు. పది మీటర్ల ఎత్తు వరకు లేపాలంటే మా ప్లానులో చూపించిన లెక్క ప్రకారం ముందు రెండు మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరున్నర ఖాళీ వదలాలి. మీటరున్నర అంటే ఐదడుగులకి ఒక అంగుళం తక్కువ. మా పాత ఇంటికి రెండు పక్కలా సందు మూడేసి అడుగులే. కింద ఇల్లు ముప్ఫై అడుగుల వెడల్పు, పైన కట్టుకోనిచ్చేది ఇరవై ఆరే. అంటే పై గోడ కింది గోడ మీద కూర్చోదు, రెండడుగులు లోపలికి జరిగి ఉత్త స్లాబు మీద పడుతుంది. ఆ స్లాబు 1994లో ఒక్క అంతస్తుకని పోసింది.

ఒక స్థలంలో మూడు కాపురాలు ఉండకూడదని ఏ చట్టమూ మాకు చెప్పలేదు. అడ్డు వచ్చింది ఈ రెండడుగులే. అమెరికాలో, మినియాపొలిస్ ఊళ్లో ఉన్న మా అమ్మాయితో ఈ సంగతి చెబితే నవ్వింది. అక్కడ నివాస స్థలాల్లో దాదాపు 70 శాతం చోట ఒక స్థలంలో ఒకే కుటుంబం ఉండే ఇల్లు తప్ప ఇంకోటి కట్టకూడదని రూలు ఉండేదట. 2018లో సిటీ కౌన్సిల్ దాన్ని తీసెయ్యాలని తీర్మానించింది, 2020 నుంచి ఒక్కో స్థలంలో మూడు కాపురాల దాకా కట్టుకోనిచ్చారు. దేశమంతా గొప్పగా చెప్పుకున్నారు. తీరా చూస్తే మూడు వాటాల ఇళ్లు లేచింది కొద్దిగానే. వాటాలు మూడు చేశారు గానీ ఆ స్థలంలో ఇల్లు ఎంత పెద్దగా ఉండొచ్చన్న లెక్క మొదట్లో పెద్దగా మార్చలేదు. కొత్త ఇళ్లు ఎక్కువగా వచ్చింది పెద్ద రోడ్ల పక్క అపార్ట్‌మెంట్లలో. "మీకు రెండడుగులు నాన్నా, వీళ్లకీ అలాంటివే అడుగులు" అంది.

ఇక ఒక స్టారు పూర్తిగా పోవడానికి కారణం. షార్ట్‌ఫాల్ చూపించి ఏం చేద్దామని అడిగితే, ఇంజినీరు గారు గొంతు తగ్గించి, "పాత ఇల్లు పడగొట్టినట్టు చూపిద్దాం సార్. కాగితం వచ్చాక మీకు కావలసినట్టు కట్టుకోండి. తర్వాత ఎప్పుడో బీపీఎస్ వస్తుంది, డబ్బు కట్టేస్తే సరి" అన్నారు. బీపీఎస్ అంటే రూలు తప్పి కట్టినదాన్ని జరిమానా కట్టించుకుని సక్రమం చేసే స్కీము. ఊళ్లో సగం మంది చేసేది అదే, నాకు తెలుసు. కానీ 2025లో వచ్చిన స్వీయ ధ్రువీకరణ పద్ధతిలో అంతా నిజమేనని సంతకం పెట్టేది ఎల్టీపీ ఒక్కరే కాదు, యజమాని కూడా. ఆ యజమాని నేను. పైగా బీపీఎస్ జరిమానాతో కాగితం బాగుపడుతుంది గానీ స్లాబుకి బలం వస్తుందా? పైన పడుకునేది నా మనవలు. వద్దన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని ఫైలు పక్కన పెట్టేశారు.

అప్పుడు ఆ అమ్మాయి. డ్రాయింగులన్నీ తనే గీస్తుంది. "బాబాయి గారూ, రేపు పొద్దున్న నేను వచ్చి చూస్తాను" అంది. మర్నాడు ఏడున్నరకల్లా స్కూటీ మీద వచ్చేసింది. లేజర్ మీటరు తెచ్చింది, నేను నా ఇనప టేపు తీశాను. సందులో ఒక చివర తను, ఇంకో చివర నేను. ముందు వైపు రెండడుగుల పదకొండు అంగుళాలు, వెనక మూడడుగుల ఒక అంగుళం. గోడ వంకరగా ఉందని ముప్ఫై ఏళ్లకి తెలిసింది.

తర్వాత వీధి. లేఅవుట్‌లో ముప్ఫై అడుగుల రోడ్డు. ఎదురింటి మాస్టారిని టేపు పట్టుకోమన్నాను. ఆయన తన ర్యాంపు చివర నిలబడ్డారు, నేను మా మెట్టు చివర. ఇరవై మూడున్నర. మళ్లీ చూశాం, ఇరవై మూడున్నరే. మాస్టారి ర్యాంపు నాలుగడుగులు రోడ్డు మీదకి వచ్చింది. మిగిలిన రెండున్నర ఎవరిదని ఆ అమ్మాయి అడగలేదు, నా కాళ్ల కింద మెట్టు వైపు చూసి ఊరుకుంది. కాలవ మీద ఆ మెట్టు నేనే కట్టించాను. ముప్ఫై ఏళ్లు అందరి తూకాలూ తప్పుపట్టినవాణ్ని.

"ప్రహరీ నుంచి ప్రహరీకి కొలిస్తే ముప్ఫై సరిగ్గా వస్తుందండి, భయం లేదు. అది కూడా తగ్గితే రోడ్డు మధ్య గీత నుంచి కొలిచి మీ స్థలంలోంచే వదలమంటారు. ఈ మెట్లూ ర్యాంపులూ తీసేస్తే ఫొటోలో బాగుంటుంది" అంది.

వారం తర్వాత కొత్త ప్లాను చూపించింది. పాత గోడల మీద బరువు పెట్టకుండా, స్లాబుకి కన్నాలు చేసి కింద గదుల మూలల్లోంచి కొత్త పిల్లర్లు పైకి లేపింది. పై రెండంతస్తులూ లోపలికి జరిగాయి. జరిగిన రెండడుగుల్లో బట్టలు ఆరేసుకోవచ్చు. మా తమ్ముడి కూతురికి రెండో అంతస్తులో ఒక గది, హాలు, తూర్పు వెలుతురు పడే వంటిల్లు. మెట్లు బయట నుంచి, ఎవరి తలుపు వాళ్లది. పనస ఉంది. ఇంకుడు గుంత కొబ్బరిచెట్ల దగ్గర. పిల్లర్ల లెక్క వేరే స్ట్రక్చరల్ ఇంజినీరుతో చూపించుకోండి, నేను చెప్పిందే పట్టుకోకండి అని తనే అంది. ఆ ఒక్క మాటకి ఒక స్టారు. చూపించాం, రెండు పిల్లర్లు లావు చేయమన్నారు. ఇంకో పన్నెండు వేలు.

మూడోసారి పెట్టాక కాగితం వచ్చేసింది. పది రోజులన్నది డెబ్భై ఒక్క రోజులు పట్టింది. పదిహేను వేలన్నది ఇరవై రెండయింది. ఎక్కువైన ఏడు వేలకి రసీదు అడిగితే ఇంజినీరు గారు "రేపిస్తాను" అన్నారు. నెలైంది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. పొద్దున్న పదకొండు లోపు వెళ్లండి, ఆ తర్వాత అక్కడ బిల్డర్లే ఉంటారు, ఐదు సెంట్ల వాణ్ని ఎవరూ పట్టించుకోరు. మనిషి వచ్చి కొలిచేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

మా మెట్టు కొట్టించేశాను. ఇప్పుడు ప్రహరీ లోపల రెండు చిన్న మెట్లు పెట్టుకున్నాం, మా ఆవిడకి మోకాళ్లు నొప్పి, రోజూ దెప్పుతోంది. మాస్టారు తన ర్యాంపు పండగ అయ్యాక తీయిస్తానన్నారు. ఏ పండగో చెప్పలేదు.