కార్టెల్ నష్టం లెక్క: పాత ధరతో పోల్చాలా, పక్క మార్కెట్‌తోనా?

కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచే కార్టెల్ కేసు చేతికొచ్చిన ప్రతి జూనియర్ లాయరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. ఓవర్‌ఛార్జ్‌ని, అంటే ఆ కుమ్మక్కు వల్ల కొనుగోలుదారు అదనంగా కట్టిన సొమ్మును, లెక్క కట్టడానికి అదే మార్కెట్లో ముందు, తర్వాత ధరలు చూడటం మేలా, కార్టెల్ లేని వేరే మార్కెట్‌తో పోల్చడం మేలా? నా ఓటు మొదటిదానికే. కానీ కళ్ళు మూసుకుని వాడితే అది బాధితుడినే దెబ్బతీస్తుంది.

వేరే మార్కెట్‌తో పోలికలో ఒక సౌకర్యం ఉంది. కాలం ఒకటే కాబట్టి ముడిసరుకు ధరలు, మాంద్యం లాంటివి రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా తగులుతాయి. మరి ఆ రెండో మార్కెట్ నిజంగా శుభ్రంగా ఉందా? విటమిన్ల కార్టెల్‌లో కంపెనీలు ప్రపంచ మార్కెట్‌నే పంచుకున్నాయి. 2001లో యూరోపియన్ కమిషన్ వాటికి 85.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. అలాంటి కేసులో పోల్చడానికి పక్క దేశం ఎక్కడ దొరుకుతుంది? పోనీ, అదే మార్కెట్లో కార్టెల్‌లో చేరని కంపెనీ ధర తీసుకుందామా అంటే అదీ కుదరదు. కార్టెల్ ధర పెంచితే ఆ గొడుగు కింద బయటివాళ్ళూ పెంచుకుంటారు. అలా నష్టపోయిన కొనుగోలుదారులు కూడా కార్టెల్ సభ్యుల నుంచి పరిహారం అడగవచ్చని 2014లో కోనే కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది.

అందుకే నేను అదే మార్కెట్, అదే సరుకు వైపు మొగ్గుతాను. ఇక్కడ అసలు తగువంతా "శుభ్రమైన కాలం" ఏది అన్నదాని మీదే. లెక్క చూడండి. కార్టెల్‌కు ముందు ధర 100, తయారీ ఖర్చు 60. కార్టెల్ నడుస్తుండగా ధర 125, ఖర్చు 72. పట్టుబడ్డాక ధర 118, ఖర్చు 70. ఖర్చు పెరిగినంతా ధరలోకి వస్తుందనుకుంటే మార్జిన్ 40, 53, 48. ముందు కాలంతో పోలిస్తే ఓవర్‌ఛార్జ్ 13. తర్వాతి కాలంతో పోలిస్తే 5 మాత్రమే. రెండు లక్షల వస్తువులు కొన్నవాడికి ఒక లెక్కలో 26 లక్షలు, ఇంకో లెక్కలో 10 లక్షలు!

పట్టుబడిన మర్నాడే ధర దిగిరాదు. పాత కాంట్రాక్టులు నడుస్తూనే ఉంటాయి. ఎవరి ధర ఎంతో ఒకరికొకరికి తెలిసే ఉంటుంది. పైగా ఇప్పుడు ధర బాగా తగ్గిస్తే రేపు నష్టపరిహారం దావాలో అదే తమ మీద సాక్ష్యమవుతుందని వాళ్ళకి తెలుసు. మొదలు వైపూ ఇలాంటి చిక్కే ఉంది. కార్టెల్‌ని పట్టుకున్న అధికారుల ఆదేశంలో రాసే ప్రారంభ తేదీ నిజానికి రుజువు దొరికిన తేదీ మాత్రమే. కుమ్మక్కు అంతకుముందే మొదలై ఉండవచ్చు. ఈ రెండు మరకలూ ఓవర్‌ఛార్జ్‌ని తక్కువ చేసే చూపిస్తాయి. నాకు కోపం తెప్పించేది ఇదే. అయితే ధరల యుద్ధంతో నష్టపోయిన పరిశ్రమలో కార్టెల్ పుడితే, ముందు ధర మరీ తక్కువగా ఉండి లెక్క ఎక్కువ చూపిస్తుంది. ప్రతివాది ఆ మాట అన్నప్పుడు కొట్టిపారేయకూడదు, ఖర్చుల డేటాతో సరిచూడాలి.

యూరప్‌లో ట్రక్కుల తయారీ కంపెనీల కార్టెల్ 1997 నుంచి 2011 దాకా, 14 ఏళ్ళు సాగింది. అంత పొడుగు కేసులో పాత రికార్డులు దొరకడమే కష్టం. ఆ ట్రక్కులు కొన్న బ్రిటన్ తపాలా సంస్థ రాయల్ మెయిల్, టెలికాం సంస్థ బీటీ వేసిన దావాలో 2023లో బ్రిటన్ ట్రిబ్యునల్ ఏ పక్షం నిపుణుల లెక్కనూ పూర్తిగా తీసుకోకుండా ఓవర్‌ఛార్జ్ 5 శాతం అని తేల్చింది. 2024లో అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది.

మిగతావి క్లుప్తంగా. ఖర్చు మీద న్యాయమైన లాభం కలిపే పద్ధతిలో, ఆ "న్యాయమైన" లాభం ఎంతో ఎవరూ ఒప్పుకోరు. కార్టెల్ లేకపోతే ధర ఎంతుండేదో ఊహించి లెక్కకట్టే సిమ్యులేషన్ మోడళ్ళు జడ్జికి నమ్మకం కలిగించడం కష్టం. ఓవర్‌ఛార్జ్ రొమేనియాలో 20 శాతం, హంగరీలో 10 శాతం అని, కాదని రుజువయ్యేదాకా, చట్టమే ముందుగా అనుకుంటుంది. అక్కడ మీ పని, అంతకన్నా ఎక్కువ నష్టం రుజువు చేయగలరా అన్నదే.

కాబట్టి క్లయింటుని మొదటి మీటింగులో నేను అడిగేది కార్టెల్ గురించి కాదు. మీ దగ్గరున్న అన్నిటికన్నా పాత కొనుగోలు ఇన్‌వాయిస్ ఏ ఏడాదిది? గోడౌన్‌లో అట్టపెట్టెలు ఉంటే ఈ కేసు తేలేదాకా ఒక్కటీ పారేయకండి.