సూర్యారావుపేటలో చెవి హోరుకు వైద్యం: ఒక వినికిడి కేంద్రంపై సమీక్ష

విజయవాడ సూర్యారావుపేటలో వినికిడి పరీక్షలు చేసే కేంద్రాలకు కొదవ లేదు గాని, చెవిలో హోరు అంటూ వచ్చినవారిని కూర్చోబెట్టి, అది ఎప్పుడు ఎక్కువవుతుందో, రాత్రి నిద్ర పడుతోందో లేదో ఓపికగా అడిగి తెలుసుకునే చోటు దొరకడం కష్టం. మా బావగారి కోసం ఈమధ్య వెళ్లిన ఒక కేంద్రంలో ఆ ఓపిక కనిపించింది. కొన్ని విషయాల్లో గట్టిగా విమర్శించవలసి కూడా ఉన్నందువల్ల దాని పేరు రాయడం లేదు.

ముందుగా మెచ్చుకోవలసింది పరీక్షను. గులిమి అడ్డుపడిందేమో చూశాక, బయటి చప్పుడు చొరబడని గదిలో 250 నుంచి 8000 హెర్ట్జ్ (స్వరం ఎంత సన్నదో చెప్పే కొలమానం) వరకు వినికిడిని కొలిచారు. బావగారు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో రేకుల మోత మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. అలాంటివారిలో సాధారణంగా కనిపించేదే ఆయన గ్రాఫులోనూ కనిపించింది: అంతవరకు బాగానే సాగిన గీత 4000 హెర్ట్జ్ దగ్గర ఒక్కసారిగా దిగిపోయింది. తర్వాత ఆడియాలజిస్టు (వినికిడి నిపుణురాలు) ఒక్కొక్క స్వరాన్నే హెడ్‌ఫోన్‌లో వినిపిస్తూ, "మీకు మోగేది ఇంతకంటే సన్నగా ఉంటుందా బాబాయిగారూ?" అని అడుగుతూ పోయారు. ఒకచోట ఆయన చెయ్యెత్తి, "ఇదేనమ్మా, అచ్చం ఇదే" అన్నారు. అదే స్వరాన్ని ఆమె స్పీకరులో మాకూ వినిపించారు. "ఇది రాత్రంతానా?" అంది మా అక్కయ్య.

ఆ హోరు తీవ్రతను కొలిస్తే, ఆయన వినగలిగే కనీస స్థాయికి కొద్ది డెసిబెల్స్ పైన మాత్రమే తేలింది. చాలామందిలో ఇంతే ఉంటుందని, అంకె చిన్నదైనంత మాత్రాన బాధ చిన్నది కాదని ఆమె ఇంటివాళ్లందరి ముందూ చెప్పడం నాకు నచ్చింది. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు ఒకసారి దెబ్బతింటే మళ్లీ పుట్టవని, వాటి నుంచి అందవలసిన సంకేతాలు తగ్గినప్పుడు మెదడు తన గ్రహణశక్తిని తానే పెంచుకోవడం ఈ శబ్దానికి కారణం కావచ్చని వివరించి, పూర్తిగా పోగొడతామన్న మాట మాత్రం ఇవ్వలేదు. ఇంతకుముందు మరోచోట నరాల బలహీనత అని చెప్పి జింకో (ఒక చెట్టు ఆకుల సారం) బిళ్లలూ విటమిన్లూ నెలల తరబడి మింగించారు. నిరంతర టిన్నిటస్‌కు, అంటే చెవి హోరుకు, జింకో బైలోబా, మెలటోనిన్, జింకు వంటివి సిఫారసు చేయవద్దని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రం ఉపయోగపడుతుందేమో పరిశీలించాలని, బాధ ఎక్కువగా ఉన్నవారికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకుని బాధను తగ్గించుకునే మానసిక చికిత్స) చేయించాలని కూడా అదే పత్రం చెబుతుంది. ఈ కేంద్రంలో ఆ థెరపీ చేసే సైకాలజిస్టు లేరు. ఫలానా చోటికి వెళ్లమని చీటీ రాసిచ్చి ఊరుకున్నారు.

మరో లోపం అపాయింట్‌మెంటు దగ్గరే ఉంది. హోరు ఒకే చెవిలో ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు వినిపించినా ముందుగా ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించాలి; వినికిడి హఠాత్తుగా పడిపోతే ఆ రోజే వెళ్లాలి. ఈ ప్రశ్నలు లోపల అడిగారు గాని, ఫోను ఎత్తినప్పుడే అడగవలసినవి.

ఆడియాలజిస్టు గది దాటి బిల్లింగ్ కౌంటరు దగ్గరికి వచ్చేసరికి వరస మారిపోతుంది. "ఇందులో మాస్కర్ ఉంది సార్, పెట్టుకుంటే హోరు మొత్తం పోతుంది, ఇవాళే బుక్ చేసుకుంటే తగ్గింపు" అని అక్కడి కుర్రవాడు వినికిడి యంత్రం చూపిస్తూ అందుకున్నాడు. మాస్కర్ అంటే హోరును కప్పేసేలా మరో శబ్దం వినిపించే ఏర్పాటు. లోపల కాదన్నదాన్నే బయట అమ్ముతున్నారన్నమాట. పట్టుబట్టి అడిగితే, డబ్బు కట్టించుకోకుండానే వినికిడి యంత్రాన్ని కొన్నాళ్లు ఇంటికి ఇచ్చారు. పగలు నలుగురి మధ్య ఉన్నప్పుడు బావగారికి ఊరట కనిపించింది. రాత్రి దాన్ని తీసేయాలి కనుక ఫ్యాను చప్పుడే దిక్కు.

బాధ ఎంతో అంచనా వేసేందుకు ఇచ్చిన 25 ప్రశ్నల కాగితం ఇంగ్లీషులో ఉంది. రిసెప్షన్‌లోని అమ్మాయి ఒక్కొక్కటే గబగబా తెలుగులో అడిగి తానే టిక్కులు పెట్టేసింది. చికాకు, దిగులు, భయం గురించిన ప్రశ్నలకు నలుగురూ కూర్చున్న హాల్లో ఏ పెద్దమనిషి నిజం చెబుతాడు? 100కు లెక్కగట్టే ఆ మార్కుల మీదే తర్వాతి చికిత్స ఆధారపడుతుంది కాబట్టి, తెలుగు ప్రతిని రోగి చేతికే ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది రిపోర్టు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో టిన్నిటస్ లేదు. వినికిడి లోపం కింద లెక్కలోకి రావాలంటే రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి. అయితే శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం, 2025 వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో ఉండేది. చిన్న షెడ్లలో చాలావాటికి ఆ చట్టమే వర్తించేది కాదన్నది వేరే సంగతి. వర్తించిన చోటనైనా కార్మికుడి చేతిలో ఉండే ఆధారం ఈ కాగితమే. అలాంటి రిపోర్టులో రోగి వృత్తికి గడే లేదు. అడిగాక ఆడియాలజిస్టు ఎన్నేళ్లు, ఎలాంటి మోతలో పనిచేశారో చేత్తో రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఫారంలోనే ఆ గడి చేర్చమని యాజమాన్యానికి ఉత్తరం ఇచ్చి వచ్చాం. జవాబు ఇంకా రాలేదు.