కీమో మందుల తయారీలో క్లోజ్డ్ సిస్టమ్ పరికరం: ఒక ఫార్మసిస్టు సమీక్ష

ఆసుపత్రి ఫార్మసీలో క్యాన్సర్ మందులు కలిపే సిబ్బంది కోసం తయారైన క్లోజ్డ్ సిస్టమ్ ట్రాన్స్‌ఫర్ డివైస్, అంటే మనం క్లుప్తంగా సీఎస్‌టీడీ అని పిలిచే పరికరం, వయల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) నుంచి సిరంజిలోకి, సిరంజి నుంచి సెలైన్ బ్యాగులోకి, బ్యాగు నుంచి గొట్టంలోకి మందు వెళ్లే దారిని బయటి గాలి తగలకుండా మూసి ఉంచుతుంది. మా విభాగంలో కొంతకాలంగా వాడుకలో ఉన్న ఒక రకాన్ని, దానితో పోల్చి చూడటానికి తెప్పించిన మరొక రకాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు చాలావరకు నిర్మాణానికి సంబంధించినవే గాని ఫలానా బ్రాండుకు సంబంధించినవి కావు కాబట్టి కంపెనీల పేర్లు కావాలనే వదిలేశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇది తప్పకుండా కొనదగిన వస్తువే, కానీ ఇది కాపాడేది మందు ఒక చోటి నుంచి మరో చోటికి మారే కాసేపటిని మాత్రమే. అంతకు ముందూ తర్వాతా జరిగే పనికి దీని వల్ల ఒరిగేది ఏమీ లేదు.

మామూలు సూదితో వచ్చే చిక్కు ఈ పని చేసేవారందరికీ తెలిసిందే. పౌడర్ ఉన్న వయల్‌లోకి ద్రవం ఎక్కించినప్పుడు లోపల పీడనం పెరుగుతుంది. సూది బయటికి లాగేటప్పుడు రబ్బరు మూత దగ్గర కంటికి ఆనని తుంపర్లు లేస్తాయి. సిరంజిలోకి కొంచెం కొంచెంగా గాలి లాగుతూ వయల్‌లో పీడనం తక్కువగా ఉంచడం మనమంతా నేర్చుకున్న పద్ధతే అయినా, అది పూర్తిగా చేతి నైపుణ్యం మీద ఆధారపడినది. పని ఒత్తిడి ఉన్న రోజున ఆ నైపుణ్యం ఒకేలా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కీమో మందులతో పనిచేసే నర్సుల మూత్రంలో జన్యుమార్పులు కలిగించే గుణం కనబడిందని 1979లోనే ఒక పరిశోధన బయటపెట్టింది. ఆ తర్వాత అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ 2004లో ఈ మందుల విషయమై ఆరోగ్య సిబ్బందికి ప్రత్యేక హెచ్చరిక జారీచేసింది. ఈ పరికరాల అవసరాన్ని ఆ నేపథ్యంలో చూడాలి.

పీడనాన్ని సరిచేసే తీరును బట్టి ఇవి రెండు రకాలు. మొదటి రకంలో వయల్ అడాప్టర్‌కు, అంటే వయల్ మూత మీద బిగించే భాగానికి, ఒక చిన్న బెలూన్ లాంటి సంచి అమర్చి ఉంటుంది. లోపలి గాలి అందులోకి వ్యాకోచిస్తుందే గాని బయటికి రాదు. రెండో రకంలో గాలి బయటికి వస్తుంది, కాకపోతే వడపోత పొర, యాక్టివేటెడ్ కార్బన్ గుండా వస్తుంది. నా ఓటు మొదటి రకానికే. తుంపర్లను, రేణువులను వడపోత ఆపగలదు. ఆవిరి సంగతి వేరు. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందుకు గది ఉష్ణోగ్రత వద్ద కూడా కొంత ఆవిరయ్యే గుణం ఉంది. కార్బన్ ఎంత ఆవిరిని, ఎంతసేపు పట్టి ఉంచుతుందన్నది మందును బట్టి మారుతుంది కాబట్టి ఆ వివరం అమ్మేవారిని రాతపూర్వకంగా అడగాలి. బెలూన్ రకానికీ ఒక ఇబ్బంది ఉంది: పెద్ద వయల్‌లోకి ఎక్కువ ద్రవం ఎక్కించేటప్పుడు సంచి నిండే లోపలే ఆగి, కొంత గాలి సిరంజిలోకి వెనక్కి తీసుకోవాలి. తొందరపడితే సిరంజిలోని ప్లంజర్ (నొక్కే కడ్డీ) దానంతటదే వెనక్కి వస్తుంది.

అసలు మందుతో మొదలుపెట్టే ముందు అతినీలలోహిత కాంతిలో మెరిసే ఫ్లోరెసిన్ రంగు కలిపిన నీటితో పరీక్షించాము. అడాప్టర్‌ను వయల్ మెడ మీద నిటారుగా పెట్టి, టక్కుమని శబ్దం వచ్చేదాకా ఒకే ఊపుతో నొక్కాలి. ఒక పక్కకి వాలితే అడాప్టర్ లోపలి ముల్లు రబ్బరు మూతలో వంకరగా దిగి, చిన్న రబ్బరు తునక మందులో పడే ప్రమాదం ఉంది. ఒకసారి బిగిస్తే ఇక ఊడిరాదు, అలా ఊడకపోవడమే మంచిది కూడా. సిరంజి కనెక్టర్‌ను విడదీశాక, కనెక్టర్, అడాప్టర్‌ల మూత పొరలు రెండూ కలిసిన చోట తెల్లని గాజుగుడ్డ అద్ది, గది చీకటి చేసి అతినీలలోహిత దీపం కింద చూశాము. మొదటి కొన్ని కలయికల దాకా గుడ్డ మీద ఏమీ మెరవలేదు. అదే పొరను పదేపదే కలిపి విడదీసిన తర్వాత మాత్రం ఆవగింజంత పసుపుపచ్చని చుక్క కనబడింది. ఒక పొర ఎన్నిసార్ల వాడకాన్ని తట్టుకుంటుందో కంపెనీ ఇచ్చే కాగితంలో ఉంటుంది. ఆ అంకెను మందులు కలిపే సేఫ్టీ క్యాబినెట్ పక్కనే అతికించి ఉంచడం మంచిది. మామూలు సూదితో ఇదే పరీక్ష చేస్తే గ్లౌజుల వేళ్ల మీద, కింద పరిచిన షీటు మీద మెరుపులు కనబడ్డాయి. కొత్తగా చేరినవారికి ఉపన్యాసం ఇవ్వడం కన్నా ఈ రెండు గుడ్డలూ పక్కపక్కన చూపించడం ఎక్కువ పని చేస్తుంది.

సూది అవసరం లేకపోవడంతో గుచ్చుకునే ప్రమాదం బాగా తగ్గిందన్నది నిజం. మణికట్టు నొప్పి మాత్రం తగ్గలేదు, కొందరికి పెరిగింది. బిగించడానికీ తిప్పడానికీ కావలసిన బలం పరికరాన్ని బట్టి చాలా తేడాగా ఉంటుంది. రోజంతా అదే కదలిక చేసేవారికి ఇది చిన్న విషయం కాదు. అందువల్ల ఎంపిక చేసే సమావేశంలో కొనుగోలు అధికారితో పాటు, నిజంగా కలిపేవారిని కూర్చోబెట్టి, రెండు జతల గ్లౌజులు తొడిగించి ప్రయత్నించమనాలి.

నాకు అన్నిటికన్నా అసంతృప్తి కలిగించినది ప్లాస్టిక్ గురించిన సమాచారం. బెండమస్టిన్ అనే క్యాన్సర్ మందు అప్పటి ద్రవరూపంలో ఉన్న డైమిథైల్ ఎసిటమైడ్ అనే ద్రావకం పాలీకార్బనేట్‌ను, ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరించింది. ఆ ప్లాస్టిక్‌లతో చేసిన క్లోజ్డ్ సిస్టమ్ పరికరాలు కూడా ఆ హెచ్చరిక కిందికి వచ్చాయి. బుసల్ఫాన్ ఇంజెక్షన్‌లోనూ అదే ద్రావకం ఉంటుంది. పలచన చేయని ఎటోపొసైడ్ వల్ల ఏబీఎస్ భాగాలు పగిలి కారిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. ఇంత తెలిసిన తర్వాత కూడా మాకు వచ్చిన ఒక పెట్టె మీద ఏ భాగం ఏ ప్లాస్టిక్‌తో చేసినదో ఒక్క ముక్క లేదు. అడిగితే వచ్చిన జవాబు రంగురంగుల ప్రచార పత్రం. భద్రత కోసం కొనే వస్తువు విషయంలో ఈ ధోరణి క్షమించరానిది. మందుల వారీగా సరిపడేవి, సరిపడనివి రాసిన జాబితా చేతికి వచ్చేదాకా ఆర్డర్ పెట్టవద్దని నా సలహా.

ఇది ఉంటే సేఫ్టీ క్యాబినెట్ లేకున్నా ఫరవాలేదన్నట్టు మాట్లాడే విక్రేతలూ ఉన్నారు. ఆ మాట నమ్మకూడదు. ప్రమాదకర మందుల నిర్వహణకు మందుల ప్రమాణాలు నిర్ణయించే అమెరికన్ ఫార్మకోపియా రూపొందించిన 800వ అధ్యాయం, ఈ పరికరం క్యాబినెట్‌కు ప్రత్యామ్నాయం కాదని స్పష్టంగా చెబుతుంది. పైగా కంపెనీ నుంచి వచ్చిన వయల్ వెలుపలి గాజు మీదే మందు అవశేషాలు ఉండవచ్చు కాబట్టి, అట్టపెట్టె విప్పే వ్యక్తికి ఈ పరికరం ఏ రక్షణా ఇవ్వదు. అక్కడ కావలసింది కీమో మందులకు పరీక్షించిన గ్లౌజులు. కలిపేటప్పుడు వాటిని రెండు జతలు తొడుక్కుని, ముప్పై నిమిషాలకొకసారి, చిరిగితే వెంటనే మార్చాలి. పరికరం వచ్చింది కదా అని గౌను, స్పిల్ కిట్ (మందు ఒలికితే శుభ్రం చేసే సామగ్రి), పని అయ్యాక క్యాబినెట్ తుడవడం లాంటి వాటిలో దేన్నీ సడలించడానికి లేదు. అలాగే దారి మూసి ఉన్నంత మాత్రాన తెరిచిన వయల్ గడువు పెరిగిపోదు; ఆ గడువును నిర్ణయించేది ఫార్మసీ పాటించే నిబంధనలే.

వార్డు వైపు ఫలితం బాగుంది. బ్యాగుకు గొట్టాన్ని ఫార్మసీలోనే బిగించి, ముందుగా మామూలు సెలైన్‌తో నింపి పంపితే, నర్సు మంచం పక్కన మందు చుక్క చూడవలసిన అవసరమే రాదు. అయితే ఫార్మసీ ఒక కంపెనీది, వార్డు మరో కంపెనీది కొంటే కనెక్టర్లు ఒకదానికొకటి అతకవు, దాంతో చివరికి ఎవరో ఒకరు గొట్టం ఊడదీసి కలపవలసి వస్తుంది. కాబట్టి రెండు విభాగాలకూ ఒకే వ్యవస్థను, వార్డు నర్సుల శిక్షణతో సహా, ఒకేసారి తీసుకోవాలి. వాడిన వయల్, అడాప్టర్, సిరంజి విడదీయకుండా అలాగే కీమో వ్యర్థాల డబ్బాలోకి వెళ్తాయి గనుక, డబ్బాలు ఇదివరకటి కన్నా త్వరగా నిండుతాయి. మొదటి ఆర్డర్‌తో పాటే పెద్ద సైజు డబ్బాలకు కూడా ఇండెంటు పెట్టాలి.