ఎస్2000కి ఏది మేలు: 16 అంగుళాలా, 17 అంగుళాలా, నాలుగూ ఒకే సైజా?

"అన్నా, టైర్లు అయిపోయాయి. ఉన్న 16 అంగుళాలే ఉంచుకోనా, 17కి వెళ్లనా, లేక నీలాగా నాలుగూ ఒకే సైజు వేసేయనా?"

ఆస్టిన్‌లో ఉండే మా తమ్ముడి వరసవాడు ఒకడు ఈ మధ్యే 2002 మోడల్ హోండా ఎస్2000 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేల్చేద్దామనుకున్నాం. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో చెప్పిందే కాస్త సర్ది ఇక్కడ పెడుతున్నాను.

ముందు కారు గురించి రెండు ముక్కలు. హోండా తన 50 ఏళ్ల పండక్కి చేసుకున్న బండి ఇది. 1999లో వచ్చింది, 2009తో ఆగిపోయింది. రెండే సీట్లు, గుడ్డ టాపు, ముందు ఇంజిన్, వెనక చక్రాలకు డ్రైవ్. బరువు 1,270 కిలోలకు అటూ ఇటూ, అదీ ముందు సగం, వెనక సగం. మొదటి తరాన్ని ఏపీ1 అంటారు, అమెరికాలో 2004 మోడల్ నుంచి వచ్చినవి ఏపీ2.

ఇప్పుడు టైర్ల లెక్క చూడండి. ఏపీ1కి ముందు 205/55 ఆర్16, వెనక 225/50 ఆర్16. ఇందులో మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. అంటే వెనక టైరు 20 మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ. ఏపీ2కి ముందు 215/45 ఆర్17, వెనక 245/40 ఆర్17. తేడా 30 అయింది. చివర్లో 2008లో వచ్చిన సీఆర్ అనే ట్రాక్ మోడల్‌కి ముందు అదే 215, వెనక మాత్రం 255. తేడా 40. కంపెనీ ఇలా తేడాను పెంచుకుంటూ పోతే, ట్రాక్ మీద తిప్పేవాళ్లు చేసిందేమిటంటే నాలుగు చక్రాలకూ 255/40 ఆర్17 తొడగడం. తేడా సున్నా. కారు ఒకటే, దారులు పూర్తిగా ఎదురెదురు. ఇద్దరిలో ఒకరు తప్పు అయ్యుండాలి కదా అని మా వాడి అనుమానం. ఎవరూ తప్పు కాదు. ఎందుకో చెప్పాలంటే టైరు దగ్గర మొదలుపెట్టాలి.

వెడల్పాటి టైరు వేస్తే రోడ్డును తాకే చోటు పెరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ చోటు ఎంతన్నది ఎక్కువగా మీద పడే బరువు, లోపలి గాలి తేలుస్తాయి. వెడల్పు పెంచితే మారేది దాని ఆకారం: పొడవు తగ్గి అడ్డంగా పెరుగుతుంది. మలుపులో ఆ ఆకారం పనికొస్తుంది. స్టీరింగ్ తిప్పిన వెంటనే టైరు ఊగకుండా పక్కకు పట్టు ఇస్తుంది.

ఇంకో సంగతి. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే వస్తుంది. ఒక బస్తా మోసేవాడు గబగబా నడుస్తాడు, రెండు ఎత్తితే తడబడతాడు, అలాగన్నమాట. మలుపులో బరువు ఎక్కువగా బయటి వైపు టైర్లకు చేరుతుంది. ముందు జత ముందుగా చేతులెత్తేస్తే స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు బయటికే పోతుంది, అది అండర్‌స్టీర్. వెనక జత ముందుగా వదిలేస్తే తోక బయటికి వస్తుంది, అది ఓవర్‌స్టీర్. ఏ జతకు ఎంత వెడల్పు ఇస్తే ఆ జత అంత ఆలస్యంగా వదులుతుంది. అందుకే ఎస్2000 టైర్లు కొనేటప్పుడు నేను సైజు కన్నా మొదట, వెనక టైరు వెడల్పులోంచి ముందు టైరు వెడల్పు తీసేస్తే ఎంత మిగులుతుందో చూస్తాను.

ఏపీ1 సైజులు నాకు ఇప్పటికీ ఇష్టమే. 205/55 టైరు పక్క గోడ 113 మిల్లీమీటర్ల ఎత్తు. గతుకు మీద వెన్ను విరగదు, పైగా పట్టు జారబోయే ముందు ఆ గోడ కాస్త వంగి, ఏం జరగబోతోందో చేతికి చెబుతుంది. ముక్కు చిటికేసినట్టు తిరుగుతుంది. కానీ ఈ తరంలో ఒక తిరకాసు ఉంది. వెనక సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు వెనక చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగేలా కట్టారు. మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నంతసేపు తోక కుదురుగా కూర్చుంటుంది. భయపడి కాలు తీశారో, బరువు ముందుకు పోతుంది, వెనక భాగం లేస్తుంది, చక్రాల ఆ తిరుగుడు కాస్తా పోతుంది. కాలు తీయడం మనిషికి సహజం. ఈ కారుకు అదే గిట్టదు.

నాకు ఇది పుస్తకంలో తెలియలేదు. కారు కొన్న కొత్తలో ముందు టైర్లు అరిగాయని ఒక షాపుకి వెళ్లాను. వెనకవి ఇంకో 5,000 మైళ్లు వస్తాయి, ముందు రెండే మార్చుకో అన్నారు. సగం డబ్బు మిగిలిందని నేనూ తలూపాను. రెండు వారాల తర్వాత సన్నటి వానలో హైవే దిగే గుండ్రటి ర్యాంపు మీద ఉన్నాను. 40 మైళ్ల వేగం కూడా లేదేమో. మలుపు లోపలికి బిగుసుకుంటున్నట్టు అనిపించి కాలు తీశాను. కొత్త ముందు టైర్లు నేలను పట్టుకునే ఉన్నాయి, అరిగిన వెనకవి నీళ్ల మీద తేలాయి. స్టీరింగ్ నా చేతుల్లోంచి తనంతట తానే తిరిగింది. ఆగాక చూస్తే ఎటు నుంచి వచ్చానో అటే చూస్తున్నాను. వెనక వచ్చే కారు లేదు కాబట్టి బతికాను. వైపర్లు మాత్రం ఏమీ జరగనట్టు ఆడుతూనే ఉన్నాయి. షాపువాళ్లను తిట్టుకున్నాను గానీ, తలూపింది నేనే.

కాబట్టి ఏ సైజు వేసినా నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకంవి, ఒకేసారి. వెనక అరిగినవి ఉంచి ముందు కొత్తవి వేయడం అంటే కాగితం మీద 20 ఉన్న తేడాను రోడ్డు మీద తలకిందులు చేయడమే. 16లతో ఇంకో చిక్కు కూడా ఉంది: 205/55 ఆర్16 ఎక్కడైనా దొరుకుతుంది, 225/50 ఆర్16లో మంచి స్పోర్ట్స్ టైరు దొరకాలంటే వెతుక్కోవాలి. జత కుదరక చాలామంది ఇక్కడే రాజీపడతారు. ఈ కారులో రాజీపడకూడని చోటు అదే.

17 అంగుళాలకు వెళ్లమనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే. 245/40 ఆర్17లో టైర్లకు కరువు లేదు. ఏపీ2 రిమ్ములు ఏపీ1కి నేరుగా ఎక్కుతాయి. మొత్తం ఎత్తు కూడా పెద్దగా మారదు: ఏపీ1 వెనక టైరు వ్యాసం 631 మిల్లీమీటర్లు, ఏపీ2ది 628. స్పీడోమీటర్ గోల లేదు. వెనక 20 మిల్లీమీటర్లు పెరిగి, ముందు 10 మాత్రమే పెరగడంతో తోక కుదుటపడుతుంది. అయితే హోండా 2004లో టైర్లు ఒక్కటే మార్చలేదు. వెనక చక్రాల ఆ తిరుగుడును కూడా తగ్గించింది. ఏపీ1కి ఏపీ2 రిమ్ములు వేసి, ఇక ఇది ఏపీ2 అనుకుంటే మోసపోయినట్టే. తోక వదిలే వేగం పైకి జరుగుతుంది, వదిలే తీరు పాతదే. నష్టం కూడా ఉంది. ముక్కులో ఆ చురుకు కొంచెం మొద్దుబారుతుంది. స్టీరింగ్ తిప్పాక ఒక రెప్పపాటు ఆగి వస్తున్నట్టుంటుంది.

నాలుగూ 255 అనేది వేరే కథ. 9 అంగుళాల వెడల్పు, 63 ఆఫ్‌సెట్ (చక్రం బిగించే ముఖం రిమ్ము మధ్య గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెప్పే లెక్క) ఉన్న రిమ్ములు కావాలి. ముందు ఫెండర్ (చక్రం మీది రేకు) లోపలి అంచు మడిపించాలి, చక్రాలను పైభాగం లోపలికి వంచి క్యాంబర్ పెట్టించాలి. లేదంటే పూర్తిగా తిప్పినప్పుడు టైరు రేకును గీకుతుంది. ఆ గీరుడు శబ్దం వింటే పళ్లు జివ్వుమంటాయి. ఇదంతా చేసుకున్నాక ఒక పెద్ద పార్కింగ్ లాట్‌లో కోన్లు పెట్టి జరిగే ఆటోక్రాస్‌కి తీసుకెళ్లాను. మొదటి కోను దగ్గర ముక్కు తిరిగిన తీరుకి నవ్వొచ్చింది. రెండోది దాటాక తోక ఊగింది. మూడో కోను కారు కింద దూరి, గీత దాటేవరకూ నాతోనే వచ్చింది.

ఏపీ1 సైజులతో పోలిస్తే ముందు 50 మిల్లీమీటర్లు పెరిగితే వెనక పెరిగింది 30. అందుకే అలా అయింది. మందు ఏమిటంటే ముందు యాంటీరోల్ బార్‌ను (కుడి ఎడమ చక్రాలను కలిపి, మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) గట్టిది వేయడం. అది మలుపులో బరువును ముందు జతలోని బయటి టైరు మీదికి ఎక్కువగా నెడుతుంది. ముందు జత కొంచెం ముందుగా అలసిపోతుంది, వెనకకు ఊపిరి దొరుకుతుంది. డబ్బు పెట్టి ముందు పట్టు కొనుక్కుని, మళ్లీ డబ్బు పెట్టి దాన్ని తగ్గించుకోవడం పిచ్చిపనిలా కనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ నాలుగు టైర్లూ సమానంగా పనిచేయడం మొదలయ్యాక మొత్తం పట్టు ఎక్కువే, పైగా సమతూకం ఎక్కడ ఉండాలో రెంచీతో నేనే పెట్టుకోగలను. టైర్లను ముందువెనకలు మార్చి సమానంగా అరగదీసుకోవచ్చు, ఇది ట్రాక్‌కి వెళ్లేవాడికి నెలజీతం ఆదా చేసినంత పని. ప్రతికూలం: రోడ్డు మీద లారీలు తొక్కిన గాడుల్లోకి స్టీరింగ్ లాగేస్తుంది, నిలిచిన నీళ్లలో వెడల్పాటి టైరు త్వరగా తేలుతుంది. ఇంకోటి, ఎస్‌సీసీఏ (అమెరికాలో ఇలాంటి పోటీలు నడిపే క్లబ్బు) ఆటోక్రాస్‌లో స్ట్రీట్ వర్గంలో ఆడాలంటే రిమ్ము వెడల్పు ఫ్యాక్టరీదే ఉండాలి. 9 అంగుళాలు వేస్తే మీరు ఇంకా ముదిరినవాళ్ల వర్గంలో పడతారు.

తేడా సున్నా అనేది కేవలం ట్రాక్ పిచ్చోళ్ల ఆలోచన అనుకోకండి. 2012లో వచ్చిన టొయోటా 86కి కంపెనీయే నాలుగూ 215/45 ఆర్17 ఇచ్చింది, అదీ మామూలు పట్టున్న టైర్లతో. మామూలు వేగంలోనే కారు తీరు చేతికి తెలియాలన్నది వాళ్ల ఉద్దేశం. హోండాది వేరే లెక్క. కారు ఎవరి చేతికి వెళ్తుందో, మలుపులో ఎవడు భయపడి కాలు తీస్తాడో తెలియదు కాబట్టి వెనకను బలపరుస్తూ పోయింది.

18 అంగుళాల ఊసు మా వాడు ఎత్తాడు, "చూడ్డానికి బాగుంటుంది కదన్నా" అని. చూడ్డానికే అయితే వేసుకోమన్నాను.

మా వాడు రోజూ ఆఫీసుకి ఇందులోనే వెళ్తాడు, వాన వచ్చినా. శని, ఆదివారాల్లో కొండ రోడ్లు. ఆటోక్రాస్‌కి ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. అందుకే ఏపీ2 రిమ్ములు వాడినవి చూసుకుని 215, 245 వేసుకోమన్నాను. ఒక సీజన్ తిప్పాక తోక మీద నమ్మకం కుదిరితే, వచ్చే జతకి ముందు 225/45 ఆర్17 వేసుకోవచ్చు. 7 అంగుళాల ముందు రిమ్ముకి అది చక్కగా పడుతుంది, తేడా మళ్లీ పాత 20కి వస్తుంది. రిమ్ములు మార్చే ఖర్చు లేదు.

నెల తర్వాత ఫోన్ వచ్చింది. వానలో కూడా హాయిగా ఉందట. "కానీ అన్నా, ముక్కు కొంచెం బద్ధకంగా తిరుగుతోంది" అన్నాడు. నాలుగింటిలో 32 పీఎస్‌ఐ గాలి ఉంది. ముందు రెండింటికీ 34 పెట్టి, అదే మలుపు మళ్లీ తిరిగి చూడమన్నాను.