మేస్త్రీకి ఐదు చుక్కలు, దుకాణానికి రెండే

మహబూబ్‌నగర్‌లో మా పెరట్లో తామరల కోసం చిన్న కుంట తవ్వించి, పంట కుంటలకు వేసే 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు పరిపించాం. అంచుకు తాండూరు బండలు పెట్టే పని టౌన్‌లోని ఒక బండల దుకాణానికి ఇచ్చాం.

వాళ్లు పంపిన మేస్త్రీ పని తెలిసినవాడు. షీటుకు సిమెంటు పట్టదని ముందే చెప్పి, బండను దానికి అతికించే జోలికే పోలేదు. గట్టు చుట్టూ కాంక్రీటు పట్టీ పోసి, దాని మీదుగా షీటు లాగి, పైన ఒక షీటు ముక్క మెత్తగా వేసి, సిమెంటు మాలు మీద బండలు కూర్చోబెట్టాడు. షీటు చివర బండల వెనక నిలువుగా లేచి ఉంది. అక్కడ కత్తిరించేస్తే పక్క మట్టి నీళ్లు పీల్చేస్తుందట. బండలు నీటి మీదికి రెండంగుళాలు ముందుకొచ్చాయి కాబట్టి షీటుకు ఎండ తగలదు. పాలమూరు ఎండకు అది చాలా అవసరం! సిమెంటు సున్నం దిగిన నీళ్లు తోడేసి, మళ్లీ నింపాకే గప్పీ చేపలు వదలమన్నాడు.

దుకాణం సంగతి వేరు. అన్నీ ఒకే మందం అన్నారు, వచ్చినవి ఒక్కోటి ఒక్కో తీరు. ఎత్తు సరిచేయడానికే మేస్త్రీకి సగం రోజు పోయింది. పైగా అడగని కటింగుకు బిల్లు వేశారు. గట్టిగా అడిగితే తీసేశారనుకోండి. అక్కడ కొంటే బండలు ఆటో ఎక్కకముందే టేపు పెట్టి చూసుకోండి. నున్నటివి వద్దు, తడి కాళ్లకు జారతాయి.